పర్సంటైల్: సమాన మార్కులవాళ్లను ఎలా లెక్కించాలి?

మార్కుల శాతం పేపర్లో ఎంత వచ్చిందో చెబుతుంది, పర్సంటైల్ నూటికి ఎంతమంది వెనక ఉన్నారో చెబుతుంది. ఇంతవరకు స్పష్టమే. చిక్కంతా సమాన మార్కుల దగ్గరే. 40 మంది తరగతిలో 50కి 32 వచ్చినవాళ్లు నలుగురు, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లు 30 మంది అనుకోండి. మార్కుల శాతం 64. పర్సంటైల్ మాత్రం, తక్కువవాళ్లనే లెక్కిస్తే 75, ఆ నలుగురినీ కలిపితే 85, నలుగురిలో సగమే కలిపితే 80. మూడూ వాడుకలో ఉన్న పద్ధతులే. వేలమంది రాసే పరీక్షలో ఒక్కో మార్కు దగ్గర కొద్ది శాతం మందే ఉంటే ఈ తేడా పెద్దగా కనిపించదు, చిన్న తరగతిలో మాత్రం పిల్లల్ని ఊరికే కుంగదీస్తుంది.

ప్రోగ్రెస్ కార్డులో మీరు ఏ పద్ధతి వాడుతున్నారు? రెండో పద్ధతిలో ఫస్టు వచ్చినవాళ్లకు 100 పడుతుంది, తల్లిదండ్రులేమో నూటికి నూరు మార్కులనుకుంటారు. అలా పొరబడకుండా కార్డు మీద ఒక్క వాక్యంలో ఏం రాస్తున్నారో దయచేసి చెప్పండి.