లేసి నిలబడంగనే కండ్లు చీకట్లు: బాపు బీపీ గోలీ ఆపాల్నా?

పరకాల నుంచి ప్రశ్న:
అందరికి నమస్తే. మా బాపుకు 64 ఏండ్లు. షుగర్ వచ్చి పదేండ్లు దాటింది, బీపీ కూడ ఉన్నది. రాత్రి మూత్రానికి నాలుగైదుసార్లు లేస్తున్నడని నెల కింద ప్రోస్టేట్ గోలీ కొత్తగ రాసిండ్రు. మొన్న ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల కాడ గొంతుక్కూసున్నోడు లేసి నిలబడంగనే కండ్లు చీకట్లొచ్చి బస్తా మీదికి ఒరిగిండు. అరనిమిషంల తేరుకున్నడు. కూసోబెట్టి బీపీ చూస్తే 130/80. మంచిగనే ఉన్నదన్నరు. బాపేమో బీపీ గోలీ బంద్ చేస్త అంటున్నడు. మెదడుకు ఏమన్న అయ్యిందా అని అమ్మకు రంది. ఏం చెయ్యాలె?

హనుమకొండ నుంచి జవాబు:
తమ్మీ, గోలీ మాత్రం మీ అంతల మీరు ఆపకుండ్రి. నేను డాక్టర్ను కాదు, నర్సింగ్ పిల్లలకు శరీర ధర్మశాస్త్రం చెప్త. నిలబడంగనే లోపల ఏం జరుగుతదో చెప్త, అప్పుడు ఏం చూడాల్నో మీకే తెలుస్తది.

మనిషి లేసి నిలబడంగనే అరలీటరు దాక రక్తం కాళ్లల్లకు, పొట్టలకు జారుతది. అయినా మనకు కండ్లు తిరగవు. ఎందుకంటే మెదడు కింది కొసకు, వెన్నుపాము మొదలయ్యే కాడ, మజ్జాముఖం అని ఒక భాగం ఉన్నది. చెరువు కాడ నీరటి ఎట్లనో అది అట్ల. నీటిమట్టం చూసుకుంట తూము తిప్పినట్టు, రక్తపోటు చూసుకుంట గుండెను, రక్తనాళాలను సవరిస్తది.

దానికి కబురు మెడ నుంచి పోతది. దవడ కింద కరోటిడ్ ధమని రెండుగ చీలే కాడ గోడ సాగితే పసిగట్టే నాడుల కొసలుంటయి. పోటు ఎక్కువైతే అవి గబగబ సంకేతాలు పంపుతయి. ఆ కబురు తొమ్మిదో కపాల నాడి మోస్తది. గుండె పైన మహాధమని వంపుల కూడ ఇసొంటివే ఉన్నయి, వాటి కబురు పదో నాడి, అంటే వేగస్, మోస్తది. ఈ సంకేతాలన్నీ బ్రేకు లెక్క. మనిషి లేసినంక పోటు పడి సంకేతాలు పలచబడంగనే మజ్జాముఖం బ్రేకు వదులుతది. వేగస్ పట్టు సడలి గుండె ఒకటి రెండు కొట్టుళ్లల్లనే వేగం పెంచుతది. సహానుభూత నాడులు రక్తనాళాలను బిగించుటానికి మాత్రం ఇంకిన్ని సెకండ్లు పడతయి.

మీ బాపు విషయంల రెండు అనుమానాలు. షుగర్ ఏండ్లకేండ్లు ఉంటే ఈ నాడులే దెబ్బతినొచ్చు. ఇగ ప్రోస్టేట్ గోలీలల్ల కొన్ని రక్తనాళాలు బిగుసుకోకుంట అడ్డంబడతయి. ఎండల చెమట పోయి నీళ్లు తక్కువైతే అది తోడు. వీటిల ఏదైనా కూసోని చూసిన బీపీల దొరకదు.

రేపు పొద్దుగాల గోలీ వేసుకోకముందు ఐదు నిమిషాలు పండుకోబెట్టి బీపీ, నాడి (నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటదో) రాయుండ్రి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ల రాయుండ్రి. పక్కన ఒకరు పట్టుకోని ఉండాలె. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ములుగు నుంచి:
అక్కా, మెడ నొక్కితే బీపీ తెలుస్తదని మా ఊర్ల ఒకాయన నొక్కి చూస్తడు. మంచిదేనా?

హనుమకొండ నుంచి:
వద్దు అన్నా. అక్కడ నొక్కితే పోటు పెరిగిందని నాడులు తప్పుడు కబురు పంపుతయి. మజ్జాముఖం నమ్మి గుండెను నెమ్మది చేస్తది. పెద్ద మనుషులైతే సోయి తప్పి పడొచ్చు. నాడి మణికట్టు కాడనే చూడుండ్రి.

పరకాల నుంచి:
అక్కా, రాసిన. పండుకున్నప్పుడు 148/84, నాడి 76. నిలబడి ఒక నిమిషానికి 118/70, నాడి 80. మూడు నిమిషాలకు 112/70, నాడి 82. కండ్లు మసకయినయన్నడు.

హనుమకొండ నుంచి:
కూసోబెట్టినంకనే ఇది చదువు తమ్మీ. పై అంకె 36 పడ్డది. ఇంత పడితే గుండె ఉరకాలె, నాడి ఆరే పెరిగింది. నీళ్లు తక్కువైతే మామూలుగ నాడి బాగ ఎక్కుతది. ఇక్కడ ఎక్కలేదు కాబట్టి కబురు మోసే నాడులే దెబ్బతిన్నయేమోనని అనుమానం ఎక్కువ. గుండె వేగం తగ్గించే గోలీ వాడుతున్నా ఇట్లనే ఉంటది. అందుకే ఈ కాగితం, గోలీల పట్టీలన్నీ తీసుకోని డాక్టర్ దగ్గరికి పోండ్రి. ఏ గోలీ తగ్గించాల్నో, ఏది ఏ పూట వెయ్యాల్నో ఆయన చెప్తడు.

అప్పటిదాక, మంచం అంచున రెండు నిమిషాలు కూసోని, పిక్కలు పదిసార్లు బిగించి వదిలి, అప్పుడు లేవాలె. రాత్రి మూత్రానికి కూసోనే పోవాలె. బస్తాల కాడ గొంతుక్కూసునుడు బంద్, పీట వేసుకొమ్మను. కండ్లు చీకట్లు వస్తున్నయనిపిస్తే కాళ్లు ఒకదాని మీద ఒకటి పెనవేసి తొడలు బిగపట్టాలె, లేకుంటే అక్కడనే కూలబడాలె, సిగ్గు పడొద్దు. మాట తడబడ్డా, మూతి వంకరపోయినా, ఛాతిల నొప్పొచ్చినా ఇవన్నీ పక్కన పెట్టి 108 కు ఫోన్ చెయ్యుండ్రి.

పరకాల నుంచి:
పట్టీలన్నీ సంచిల వేసిన అక్కా. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోతం. బాపు పీట అడిగిండు.