‘తటస్థం’ అంటే ఒడ్డున నిలబడటమేనా?

నిన్న సాయంత్రం విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో పాత పేపర్లు ముందేసుకుని, తెలుగు వికీపీడియాలో ఒక నాయకుడి వ్యాసం దిద్దాను. పేరు చెప్పను. చెబితే మాట సంగతి పక్కకి పోయి మనిషి సంగతి మొదలవుతుంది. అందులో ఉన్న వాక్యం ఇది: “భూముల వ్యవహారంలో ఆయన అక్రమాలను ప్రతిపక్ష నేత బయటపెట్టారు.” దాన్ని “అక్రమాలు జరిగాయని ప్రతిపక్ష నేత ఆరోపించాడు” అని మార్చి, పత్రిక పేరూ తేదీ మూలంగా ఇచ్చాను. అరగంటలో ఒకరు పాత వాక్యం మళ్ళీ తెచ్చిపెట్టారు. రాత్రికి ఇంకొకరెవరో, అభిమాని కాబోలు, ఆ వాక్యాన్నే ఎత్తేశారు. దిద్దుబాటు సారాంశంలో, అంటే ఎందుకు మార్చామో రాసే చోట, ఇద్దరూ రాసింది ఒకటే: “తటస్థత కోసం”.

తటం అంటే ఒడ్డు, గట్టు. తటస్థుడు అంటే గట్టు మీద ఉన్నవాడు. ఏట్లో ఇద్దరు కొట్టుకుంటుంటే దిగనివాడన్నమాట. సంస్కృతంలో ఈ అర్థం సరే. మనం మాత్రం “దారిలో పాత మిత్రుడు తటస్థపడ్డాడు”, “అనుకోని చిక్కు తటస్థించింది” అని కూడా అంటాం. గట్టున ఉండాల్సిన మాట మన దగ్గరికొచ్చి ఎదురుపడటం, సంభవించడం అయి కూర్చుంది! ఎలా జారిందో తెలిసినవాళ్ళు చెప్పండి.

నా పేచీ ‘బయటపెట్టాడు’తో. లోపల ఉన్నదాన్నే కదా బయటపెట్టేది? ఆ క్రియ వాడగానే అక్రమం ఉందని రాసేవాడే ఒప్పుకున్నట్టు. ‘వెల్లడించాడు’, ‘గుట్టు విప్పాడు’, ‘ఎండగట్టాడు’ అన్నీ ఆ బాపతే. నాయకుడి జవాబు దగ్గర తూకం అటో ఇటో మొగ్గుతుంది: ‘బుకాయించాడు’ అంటే అబద్ధమని మనమే తేల్చేశాం, ‘తిప్పికొట్టాడు’ అంటే గెలిపించేశాం. విశేషణాలు ఏరేస్తే చాలనుకుంటారు చాలామంది. పక్షపాతమంతా క్రియలో దాక్కుంటుంది, మన వాక్యంలో అది చివర్న ఉంటుంది కాబట్టి చదివేవాడు దాన్నే పట్టుకుపోతాడు.

దీని కింద వచ్చిన వ్యాఖ్యలూ, నా జవాబులూ ఇవి:

మర్రిపాలెం లాయరు గారు:
క్రియలతో పాటు నామవాచకాలూ చూడండి మాస్టారూ. ఎఫ్‌ఐఆర్‌లో పేరు ఎక్కితే నిందితుడు. పోలీసులు వేసేది అభియోగపత్రం, అంటే చార్జిషీటు. కోర్టు అభియోగాలు ఖరారు చెయ్యడం ఆ తర్వాత మెట్టు. విచారణ జరిగి నేరం రుజువైందని తీర్పు వస్తేనే దోషి. పేపర్లు మొదటి మెట్టు దగ్గరే ‘అవినీతిపరుడు’ అనేస్తాయి. నాయకుడి మీద కేసులేమున్నాయో రాయాలంటే ఎన్నికల అఫిడవిట్ ఉంది, పెండింగు కేసులు అభ్యర్థే రాసి సంతకం పెడతాడు. అది చూసి, ఏ ఏడాది అఫిడవిటో కూడా రాయండి. తర్వాత కేసు కొట్టేసి ఉండొచ్చు.
ఇంకో ముచ్చట. కోర్టులో మేం నిందితుణ్ణి ‘ముద్దాయి’ అంటాం. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు! మన దగ్గరికొచ్చేసరికి ఫిర్యాదీ బోనెక్కాడు.

ఎంవీపీ కాలనీ అక్క:
అంతా బాగుంది గానీ ‘ఆరోపించాడు’ ఏంటి తమ్ముడూ? పెద్దమనిషిని పట్టుకుని ‘డు’ అంటావా? మా నాన్నగారు చూస్తే పేపరు విసిరేద్దురు.

దానికి నా జవాబు:
అక్కా, నాకూ మొదట్లో నోరు రాలేదు. కానీ ఒకరికి ‘గారు’ పెట్టి, వాళ్ళ ప్రత్యర్థికి పెట్టకపోతే అక్కడే పక్షం తేలిపోతుంది. అందరికీ పెడితే విజ్ఞానసర్వస్వం శుభలేఖలా ఉంటుంది. తెన్నేటి విశ్వనాథం గారంటే మన ఊళ్ళో అందరికీ గౌరవమే, పార్కుకి ఆయన పేరే పెట్టుకున్నాం. అయినా “1953లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశాడు, 1967లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు” అని ఉన్నదున్నట్టు రాస్తే ఆయనకేం తగ్గింది? ‘మహానేత’ అని చేరిస్తేనే చదివేవాడికి అనుమానం వస్తుంది. (ఇక్కడ రాస్తూ ‘ఆయన’ అన్నానని పట్టుకోకండి, ఇది వ్యాసం కాదు.)

జాలారిపేట కుర్రోడు:
ఏటి మాస్టారూ, గట్టు మీదున్నోడంటే ఏటీ పట్టనోడని కాదు కదా. మా తాత రోజూ ఒడ్డునే కూకుంటాడు. ఏ పడవ ఎప్పుడొచ్చింది, ఎవల వలలో ఏటి పడ్డాది, అన్నీ చెప్తాడు. దిగడు, అంతే. ఆ వాక్యం ఎత్తేసినోడు తటస్థుడు కాదు, కళ్ళు మూసుకున్నోడు.

నేను:
తమ్ముడూ, నేను రెండు పేరాల్లో చెప్పలేనిది నువ్వు తేల్చేశావు. ఎత్తెయ్యడం ఒకచోట మాత్రం సబబు. బతికున్న మనిషి మీద మూలం లేని నింద ఉంటే చర్చ కోసం ఆగకుండా తీసెయ్యాలి, వికీపీడియా పద్ధతీ అదే. ఇక్కడ మూలం ఉంది. కాబట్టి వాక్యం ఉండాలి, ‘బయటపెట్టారు’ పోవాలి. దాని పక్కనే నాయకుడి జవాబూ ఉండాలి. అదే పేపర్లో నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, నిన్న నేనే చూసుకోలేదు. ఆ తప్పు నాది.

లాయరు గారు:
జవాబుకి ఏ క్రియ వేస్తారు? పేపరు వాళ్ళు ‘కొట్టిపారేశారు’ అని ఉంటారే!

నేను:
అవును, అదే వేశారు. ‘ఖండించాడు’ అందామనుకున్నాను, అందులో కాస్త వీరావేశం ఉంది. చివరికి చర్చ పేజీలో ఇలా ప్రతిపాదించాను: “భూముల వ్యవహారంలో అక్రమాలు జరిగాయని ప్రతిపక్ష నేత ఆరోపించాడు. జరగలేదని ఆ నాయకుడు అన్నాడు.”

అక్క:
‘అన్నాడు’ బానే ఉంది. ‘డు’కే ఇంకా మనసొప్పట్లేదు.