ఫలితం చూసి బోనస్ ఇస్తే సర్కారు బడి బాగుపడుతుందా?

లెక్కల సార్, జడ్చర్ల వైపు:

మొన్న మళ్లీ ఐదు రోజుల ట్రైనింగుకు వెళ్లొచ్చాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇది ఎన్నోదో లెక్క పెట్టడం మానేశాను. పొద్దున సంతకం, పదకొండింటికి చాయ్. ఆర్పీగా (ట్రైనింగ్ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా) వచ్చినాయన పాపం మాలాంటి టీచరే, ఆయనకు ముందు వారం ఎవరో చూపించిన స్లైడ్లే మాకూ చూపించాడు. చివరి రోజు సాయంత్రం గ్రూప్ ఫొటో. సోమవారం బడికొచ్చి చూస్తే నా నాలుగో తరగతిలో పదకొండు మందికి గాను ఐదుగురికి అప్పు తెచ్చుకునే తీసివేతలు రావు. పోయిన నెలా రాలేదు, ట్రైనింగ్ అయ్యాకా రాలేదు.

స్టాఫ్ రూంలో ఒక మాట అంటే గొడవయింది, అదే ఇక్కడ పెడుతున్నా. ఈ ట్రైనింగుల మీద పెట్టే డబ్బును, పిల్లలు ఎంత ముందుకు పోయారో చూసి టీచర్‌కు బోనస్‌గా ఇస్తే ఏం పోతుంది? ఇది నా సొంత కవిత్వం కాదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలుపెట్టి 5 జిల్లాల్లో 500 ప్రాథమిక బళ్లలో ప్రయోగం చేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన పరిశోధన, పరీక్షలు పెట్టింది అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్. లాటరీ తీసినట్టు విడగొట్టారు: 100 బళ్లలో ఏ టీచర్ బోనస్ ఆ టీచర్‌కే, 100 బళ్లలో స్టాఫ్ మొత్తానికి కలిపి, ఇంకో 100 బళ్లకు అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్, మరో 100 బళ్లకు గ్రాంటు, మిగిలిన వందకు ఇవేవీ లేవు. పిల్లల సగటు 5 శాతానికి మించి పెరిగితే ఆ పైన ప్రతి శాతానికి 500 రూపాయలు. రెండేళ్లకు బోనస్ బళ్ల పిల్లలు లెక్కల్లో, తెలుగులో ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు. ఇంతా చేస్తే టీచర్‌కు ముట్టింది సగటున ఏడాది జీతంలో 3 శాతం దగ్గర.

తప్పుంటే చెప్పండి.

తండా టీచరమ్మ, దేవరకొండ:

సార్, మీ బడిలో పదకొండు మంది జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఉంటారేమో, మా తండాలో ఆ భాగ్యం లేదు. దసరా అయ్యాక సగం ఇళ్లకు తాళాలు. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకు పోతే పిల్లలు వాళ్ల వెంటే, ముసలివాళ్ల దగ్గర వదిలిన ఒకరిద్దరు మాత్రం మిగులుతారు. మీ పాలమూరు వలస నేను చెప్పాలా? గద్వాల వైపు పని చేసే మా చెల్లెలు అంటుంది, పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) మొదలైతే ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు బడిలో కనబడరట. ఇప్పుడు చెప్పండి, జూన్‌లో పరీక్ష పెట్టి, మార్చిలో ఇంకోటి పెట్టి, మధ్యలో ఎంత పెరిగిందో చూసి నాకు డబ్బులిస్తారా? ఎవరు పెరిగినట్టు, ఎవరు తరిగినట్టు?

నేను ఇద్దరు టీచర్ల బడిలో ఉన్నా, అందులో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక డ్యూటీ మీద ఉంటారు. యుడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ లెక్క) ఎంట్రీ, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఓటరు జాబితా. సర్కారు తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పుడు సంతోషపడ్డా, నిజంగా, పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుంచి చెప్పమనడం మంచి మాటే కదా. కానీ ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో రాసే పేపర్లు పిల్లకు చెప్పే టైమునే తినేశాయి. దానికి తోడు 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు, రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లందరూ రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసవ్వాలని. రాత్రి మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలు ఒక పక్క, నా టెట్ పుస్తకాలు ఒక పక్క. టెన్షన్‌కు కొదవ లేదు, మీ బోనస్ పరీక్ష ఒకటి తక్కువైందా?

జడ్చర్ల నాన్న:

నేను టీచర్ని కాదు, ఆటో నడుపుతా, ఇద్దరు పిల్లలు ప్రైవేటులో. ఒక్కటే అడుగుతున్నా. ప్రైవేటులో మా పిల్లల మేడానికి ఇచ్చేదానికి మీ జీతం ఎన్ని రెట్లో మీకే తెలుసు. అంత తీసుకుని, చెప్పాల్సిన చదువు చెప్పడానికి మళ్లీ బోనసా? నేను పాసింజర్‌ను ఇంటి దగ్గర దింపితే కిరాయి ఇస్తారు, సరిగ్గా దింపినందుకు ఇంకో కిరాయి అడగను.

నల్గొండ స్కాలర్:

(ఎం.ఎడ్. అయ్యాక ఇదే సబ్జెక్టు మీద పడ్డాను, కాబట్టి కాస్త పొడవుగా రాస్తా, తిట్టుకోకండి.)

ఆటో అన్న ప్రశ్న నుంచి మొదలుపెడతా, ఎందుకంటే అందులో విషయం ఉంది. జీతం ఎక్కువైతే చదువు దానంతట అదే బాగవుతుందా? ఇండోనేషియాలో దీన్నే చేసి చూశారు. అర్హత పొందిన టీచర్లకు మూల వేతనం రెట్టింపయింది, ఏ షరతూ లేదు. టీచర్లు సంతోషించారు, అప్పుల బాధ తగ్గింది, రెండో ఉద్యోగం చేసేవాళ్లు తగ్గారు. పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పింది గుర్తొస్తుంది, జీతం, పని పరిస్థితులు సరిగా లేకపోతే మనిషి చిరాకు పడతాడు, సరిచేస్తే చిరాకు పోతుంది, అంతే, పని మీద మోజు పుట్టడానికి వేరేవి కావాలి, చేసిన పని కనబడటం, ఎవరో దాన్ని గుర్తించడం. ఆయన అడిగింది ఇంజనీర్లను, అకౌంటెంట్లనే గాని టీచర్లను కాదు, అయినా మన స్టాఫ్ రూంలో డీఏ బకాయిల మాట రోజూ ఎందుకొస్తుందో దీంతో కొంత అర్థమవుతుంది.

ఇక లెక్కల సార్ చెప్పిన ప్రయోగం. రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) లాభం, అది నిజం, చిన్నది కాదు. కానీ సార్ చెప్పనివి రెండున్నాయి. బోనస్ పెట్టిన బళ్లలో టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ పని చేశారు, ఎక్స్‌ట్రా క్లాసులు, హోంవర్క్, ప్రాక్టీస్ పరీక్షలు. ఇంకోటి, ఐదేళ్లు పోయాక చూస్తే విడివిడి బోనస్ నిలబడింది, కలిపి ఇచ్చింది అంతగా నిలబడలేదు. ముగ్గురు నలుగురు స్టాఫ్ ఉన్న బడిలో కూడా "వాడు చేస్తాడులే" అన్న మాట మెల్లగా వచ్చేస్తుందన్నమాట.

అదే ప్రాజెక్టులో మూడో ముక్క ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 100 బళ్లకు బోనస్ ఏమీ ఇవ్వకుండా పిల్లల పరీక్ష ఫలితాలు వివరంగా రాసి, ఏ పిల్లకు ఏది రాదో టీచర్‌కు రిపోర్టు ఇచ్చారు, అప్పుడప్పుడు క్లాసుకు వచ్చి చూశారు. చూడటానికి మనిషి వచ్చిన రోజు టీచర్లు బాగా చెప్పారు. ఏడాది చివర పరీక్షలో తేడా సున్నా. ఎవరికి ఏది రాదో తెలిసినంత మాత్రాన ఏమీ కాలేదు. తొలిమెట్టు పేపర్ల మీద టీచరమ్మ పడే చిరాకుకు ఇంతకన్నా మంచి రుజువు ఉంటుందా?

తండా టీచరమ్మ, దేవరకొండ:

రుజువు దొరికింది, థాంక్స్, పేపర్లు మాత్రం తగ్గవు.

ప్రైవేటు లెక్చరర్, నల్గొండ:

మీరంతా బోనస్ వస్తే ఎట్లుంటుందో ఊహిస్తున్నారు, నేను అందులోనే బతుకుతున్నా. పేరు వద్దు, ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాకు ఇన్సెంటివ్ ఉంది. సెక్షన్‌లో ఇంతమందికి ఇన్ని మార్కులు దాటితే ఇంత, ఎండాకాలంలో ఊళ్లు తిరిగి ఇన్ని అడ్మిషన్లు తెస్తే ఇంత. మొదటి ఏడాది ప్రాణం పెట్టి చెప్పా, ఒప్పుకుంటా, డబ్బు కోసమే. రెండో ఏడాదికి నాకు తెలివొచ్చింది, అందరికీ వచ్చింది. ఎవరి మీద టైం పెడితే లాభమో మాకు తెలిసిపోయింది. పైన ఉన్న పది మంది ఎట్లాగూ దాటుతారు, కింద ఉన్న పాతిక మంది ఎట్లాగూ దాటరు, గీత దగ్గర ఉన్న పదిహేను మందే మా ప్రపంచం. కింద ఉన్న పిల్లవాడు డౌట్ అడిగితే "తర్వాత రా నాన్నా" అని నా నోటితో నేనే అన్నా. వాడు తర్వాత రాలేదు. నేనూ పిలవలేదు.

తోటి లెక్చరర్‌కు నోట్స్ ఇవ్వడం కూడా మానేశాం, ఎందుకంటే పక్క సెక్షన్ ఆయనదే. ఇది కూడా రాయాలి మీ పరిశోధనలో.

లెక్కల సార్, జడ్చర్ల వైపు:

లెక్చరర్ గారూ, మీరు చెప్పింది పాస్ గీతకు కట్టిన బోనస్, నేను చెప్పింది ప్రతి పిల్ల పెరుగుదలకు కట్టింది. అందులో అట్టడుగు పిల్ల రెండు మార్కులు పెరిగినా లెక్కే. బడి మానేసిన పిల్లకు తక్కువ స్కోరు వేసి లెక్క కట్టారు, వెనకబడినవాళ్లను టీచర్ పరీక్షకు దూరం పెట్టకుండా.

అని ఇంతవరకు టైపు చేశాక ఆగాను. ఎందుకంటే ఆ రూలే దేవరకొండ మేడం మెడకు ఉరి. వలస పోయిన ప్రతి పిల్లా ఆమె ఖాతాలో తక్కువ స్కోరు. రూలు తీసేస్తే లెక్చరర్ గారి కథ, ఉంచితే మేడం కథ. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా ట్రైనింగ్ మీద నా కోపం అట్లనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది, సరే, గంటలు లెక్క పెట్టడం తేలిక, నిష్ఠ అనే ఆన్‌లైన్ ట్రైనింగ్ కోర్సుల్లో వీడియో ఆన్ చేసి వంట చేసుకున్నవాళ్లు మనలో లేరా?

జడ్చర్ల నాన్న:

ఇంతకీ బడికి వస్తున్నారా లేదా అన్నది ముందు చూడండి. ఇప్పుడు మొహం చూసి హాజరు వేస్తున్నారట కదా.

నల్గొండ స్కాలర్:

అన్నా, దాని మీదా పరిశోధన ఉంది. ఉదయ్‌పూర్ దగ్గర పల్లెల్లో సేవామందిర్ నడిపే ఏకోపాధ్యాయ బళ్లలో టీచర్‌కు కెమెరా ఇచ్చి, పొద్దున ఒక ఫొటో, సాయంత్రం ఒక ఫొటో పిల్లలతో తీయమన్నారు, ఎన్ని రోజుల ఫొటోలు ఉంటే అంత జీతం. కెమెరా లేని బళ్లలో గైర్హాజరు 42 శాతం ఉంటే, ఉన్న బళ్లలో 21, పిల్లల చదువూ పెరిగింది. కానీ అక్కడ ఫొటో జీతంతో ముడిపడి ఉంది, ఆ టీచర్లు స్వచ్ఛంద సంస్థ మనుషులు, యూనియన్ లేదు, డిప్యుటేషన్ లేదు. ఒక్క కెమెరా తెచ్చి గోడకు పెడితే అదే ఫలితం వస్తుందనుకోవద్దు.

ట్రైనింగ్ విషయానికి వస్తే దక్షిణాఫ్రికా పరిశోధన చూడాలి సార్. ఒకే పాఠ్య ప్రణాళికలు, ఒకే పుస్తకాలు. కొంతమంది టీచర్లను ఒక చోటికి పిలిచి శిక్షణ ఇచ్చారు. ఇంకొంతమంది దగ్గరికి కోచ్ ఒకరు బడికే వచ్చి, క్లాసులో కూర్చుని, చూసి, మాట్లాడి, మళ్లీ వచ్చారు. పిల్లల చదవడంలో లాభం రెండో పద్ధతిలో దాదాపు రెట్టింపు. ఖర్చు ఎక్కువే అనుకోండి.

రిటైర్డ్ హెచ్ఎం, కల్వకుర్తి:

అందరివీ చదివాను, ఫోన్లో చదవడం ఆలస్యమైంది. స్కాలర్ తమ్ముడు దక్షిణాఫ్రికా దాకా పోయాడు, నేను మన ఊరి సంగతి చెబుతా. 90లలో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) అని ఒకటి ఉండేది, బ్రిటిష్ వాళ్ల సాయంతో, ముందు కొన్ని జిల్లాల్లో చేసి చూసి తర్వాత రాష్ట్రమంతా పెట్టారు. ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా పని చేయాలి, ఇట్లా. టీచర్స్ సెంటర్ మీటింగులు అప్పుడే బాగా నడిచాయి. ఈనాటి కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే) మీటింగులకు అది అన్నలాంటిది. మొదట్లో మేం నిజంగా ఎగబడి పోయేవాళ్లం, చింతగింజలు, వెదురు పుల్లలు పట్టుకుని లెక్కలు చెప్పుకునేవాళ్లం, మా ఆవిడ నవ్వేది, పిల్లల సామాను నువ్వు మోస్తున్నావేందని. నాలుగైదేళ్లకు మిగిలింది ఏంటంటే గోడకు చార్టులు. ఆఫీసర్ వస్తే చార్టులు చూసేవాడు, కాబట్టి చార్టులు ఉండేవి. పిల్లలకు కూడిక వచ్చిందా అని అడిగినవాడు తక్కువ.

అట్లా అడిగినాయన ఒకాయన ఉండేవాడు, పేరు వద్దు, ఇప్పుడు లేడు. సైకిల్ మీద వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాడు. పుస్తకంలో ఏమీ రాసేవాడు కాదు. ఒకసారి నా పాఠం అయ్యాక బయట వేపచెట్టు కింద, "ఎడమ వైపు వరసను నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు" అన్నాడు. అంతే అన్నాడు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశా, ఎన్ని మాడ్యూళ్లు ఇచ్చారో ఏదీ గుర్తు లేదు, ఎడమ వరస మాత్రం రిటైర్ అయ్యే రోజు దాకా చూశా. నెల తర్వాత మళ్లీ వచ్చి చూశాడు, అది ముఖ్యం. మళ్లీ రాకపోతే నేనూ మరిచిపోయేవాణ్ణే. డబ్బు ఇచ్చి ఉంటే ఎట్లుండేదో నాకు తెలియదు, ఆ రోజుల్లో ఇస్తే వద్దనేవాణ్ణి కాదు గానీ.

ప్రైవేటు లెక్చరర్, నల్గొండ:

సార్, మా దగ్గర కూడా వెనక కూర్చుంటారు. సీసీ కెమెరా ఫుటేజీ చూసి, ఎన్ని నిమిషాలు బోర్డు వైపు తిరిగావో చెబుతారు. మీ ఆయనకూ దీనికీ తేడా నాకు తెలుస్తోంది, మాటల్లో పెట్టలేకపోతున్నా.

తండా టీచరమ్మ, దేవరకొండ:

తేడా ఏముంది, ఆయన పాఠం చెప్పినవాడు, వీళ్లు చెప్పనివాళ్లు. నా దగ్గరికి ఎవరైనా రండి, బోనస్ అడగను, తండా దాకా బస్సు లేదు, మెయిన్ రోడ్డు దగ్గర నేనే బండి మీద ఎక్కించుకుంటా. వచ్చినవాళ్లు పుస్తకాలు తనిఖీ చేయకుండా ఒక గంట రెండో తరగతిని చూసుకుంటే చాలు, ఆ గంట నేను ఐదో తరగతికి చెప్పుకుంటా.

లెక్కల సార్, జడ్చర్ల వైపు:

హెచ్ఎం సార్, కల్వకుర్తి నుంచి మా ఊరు బస్సులో మరీ దూరం కాదు. తీసివేతల్లో ఆ ఐదుగురు ఎక్కడ ఆగిపోతున్నారో నాకు అంతుపట్టడం లేదు. పదులు విడగొట్టేదాకా చేస్తారు, తర్వాత ఏమవుతుందో ఏమో. గురువారం రెండో పీరియడ్ లెక్కలు. హెడ్మాస్టర్‌కు చెప్పి పెడతా. వస్తారా?

రిటైర్డ్ హెచ్ఎం, కల్వకుర్తి:

వస్తా. వెనక బల్ల ఒకటి ఖాళీ పెట్టు. చింతగింజలు నేనే తెస్తా, ఇంట్లో ఇంకా డబ్బా ఉంది. గ్రూప్ ఫొటో మాత్రం తీయొద్దు నాయనా.