ఏప్రిల్ 2, శనివారం: ఉగాది వేడుకా ప్రపంచకప్ ఫైనలూ ఒకే హాల్లో

తెర బాధ్యత (శ్రీకాకుళం నుంచి), 2011 మార్చి 25, శుక్రవారం

అందరికీ నమస్కారం. నిన్న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో మనవాళ్లు ఆస్ట్రేలియా మీద ఐదు వికెట్లతో గెలిచాక ఇక్కడ మా వీధిలో అర్ధరాత్రి దాకా టపాకాయలు మోగుతూనే ఉన్నాయి. ఆ సందడిలో నాకు మాత్రం ఒకటే గుబులు. ఉగాది సోమవారమే అయినా ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో మన సంఘంవాళ్లందరికీ సెలవు దొరికేది శనివారమే అని మనం జనవరిలోనే ఏప్రిల్ 2న హాలు తీసుకున్నాం. ఫైనల్ కూడా అదే రోజు. బుధవారం మొహాలీలో పాకిస్తాన్ మీద గెలిచామంటే ఆ రోజు మన హాలుకు వచ్చేది ఎవరు? వచ్చినవాళ్లు కూడా ఒక చేత్తో పచ్చడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని కూర్చుంటారు. తేదీ మార్చేకన్నా మ్యాచ్‌నే హాల్లోకి తెచ్చుకుందాం. తెర పని మొత్తం నాకు వదిలేయండి. గురువారం రాత్రి విశాఖలో విమానం ఎక్కితే శుక్రవారం మధ్యాహ్నానికి మీ దగ్గర ఉంటాను. ఈసారి నాన్నగారు కూడా నాతో వస్తున్నారు.

హాలు బాధ్యత, మార్చి 25

ఒక సంగతి ముందే చెప్పాలి. మన ఇళ్లలో ఉన్న స్కై (చందా కట్టి చూసే ఉపగ్రహ టీవీ) బాక్సు తీసుకెళ్లి హాల్లో పెట్టడం కుదరదు. అది ఇంటి వాడకానికి ఇచ్చిన చందా. పదిమంది కూడే చోట చూపించాలంటే దానికి వేరే ఒప్పందం ఉండాలి. మన అదృష్టం ఏమిటంటే, ఈ హాలు క్రికెట్ క్లబ్బుది. వాళ్లకు ఆ ఒప్పందం ఉంది, బొమ్మ మరింత స్పష్టంగా వచ్చే హెచ్‌డీ బాక్సూ ఉంది. కార్యదర్శితో మాట్లాడాను, సంతోషంగా ఒప్పుకున్నారు. ఇంకో మాట. ఈ ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి, ఎవరూ మరిచిపోవద్దు. ముంబైలో మధ్యాహ్నం రెండున్నర అంటే మనకు ఉదయం పది. హాలు ఆరింటి దాకానే ఉంది, ఏడు దాకా పొడిగించమని అడిగాను. ప్రొజెక్టర్ కూడా వాళ్లదే ఉంది, దాని మీద 1024×768 అని రాసి ఉంది.

వంటల బాధ్యత, మార్చి 26

తమ్ముడూ, మ్యాచ్ పెట్టుకోండి, కాదనను. కానీ పదకొండు మంది పిల్లలు రెండు నెలలుగా నృత్యం నేర్చుకుంటున్నారు. వికెట్ పడేదాకా ఆగండి, ఓవర్ అయ్యేదాకా ఆగండి అంటూ వాళ్లను తెర వెనక నిలబెడితే నేను ఊరుకోను. ఇది ఉగాది. మా విజయనగరంలో పైడితల్లి పండుగకు సిరిమాను తిరిగే రోజున ఇంకో పని పెట్టుకుంటామా? ఇదీ అంతే.

తెర బాధ్యత, మార్చి 26

వదినా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. రెండు ఇన్నింగ్సుల మధ్య నలభై అయిదు నిమిషాల విరామం ఉంటుంది, మన లెక్కన సుమారు ఒంటిగంటన్నర నుంచి రెండుంపావు దాకా. ఆ సమయం పూర్తిగా పిల్లలది. ధ్వని తగ్గించడం కాదు, తెరే ఆపేస్తాను. భోజనాలు పన్నెండున్నర నుంచి బంతులుగా నడిపిద్దాం, అప్పుడు విరామంలో ఎవరి చేతిలోనూ విస్తరి ఉండదు. పచ్చడి, పంచాంగ శ్రవణం ఉదయం ఎనిమిదీ నలభై అయిదుకు మొదలుపెడితే టాస్ వేళకు ముగుస్తాయి. పిల్లల కార్యక్రమం అనుకున్నదానికన్నా పొడవైతే రెండో ఇన్నింగ్స్ మొదటి ఓవర్లు వదులుకుందాం. ఈ మాట మీద నేను నిలబడతాను.

ఇక ప్రొజెక్టర్ సంగతి. అది పనికిరాదు, ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. హెచ్‌డీ బొమ్మ వెడల్పు పదహారు పాళ్లైతే ఎత్తు తొమ్మిది పాళ్లు. 1024 చుక్కల వెడల్పున్న ప్రొజెక్టర్‌లో దాన్ని వేస్తే ఎత్తుకు మిగిలేది 576 వరుసలు. పైనా కిందా నల్లటి పట్టీలు. మన పాత టీవీలో కనిపించే వరుసలు ఎన్నో తెలుసా? సరిగ్గా అవే 576. అంటే హెచ్‌డీ బాక్సు పెట్టి, హెచ్‌డీ కేబుల్ వేసి, చివరికి చిన్నప్పుడు చూసిన బొమ్మనే గోడంత పెద్దది చేసి చూస్తాం. పెద్దదయ్యేకొద్దీ మసకే పెరుగుతుంది. 1920×1080 ఉన్న ప్రొజెక్టర్ అద్దెకు తెద్దాం.

ఖాతాల బాధ్యత, మార్చి 26

అద్దె ఎందుకండీ, ఆట తెలిస్తే చాలదా? స్కోరు కనిపిస్తుంది, ధోనీ కనిపిస్తాడు. ఆ డబ్బుతో ఇంకో తీపి వంటకం వస్తుంది.

వేదిక బాధ్యత, మార్చి 27

ఖాతాల బావగారికి నా అనుభవం చెబుతాను. 2006 మే నెలలో ఈ దేశంలో స్కై హెచ్‌డీ మొదలైనప్పుడు, ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం 299 పౌండ్లు పెట్టి బాక్సు కొన్నాను. నెలకు పది పౌండ్లు అదనం. బీబీసీ కూడా అప్పుడే హెచ్‌డీ ప్రయోగ ప్రసారం మొదలుపెట్టింది. నేను పాత టీవీ తీసేసి కొత్త పలక టీవీ పెట్టి, స్నేహితులను పిలిచి, 'చూడండి, గడ్డిపోచలు లెక్కపెట్టవచ్చు' అన్నాను. వాళ్లు మర్యాదకు తలలూపారు. దాదాపు మూడు వారాలు అలాగే చూశాం. క్వార్టర్ ఫైనళ్ల సమయంలో మా బావమరిది వచ్చి టీవీ వెనక చెయ్యి పెట్టి, పాత వెడల్పాటి స్కార్ట్ తీగను బయటికి లాగాడు. బాక్సుతో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ అట్టపెట్టెలోనే చుట్ట విప్పకుండా ఉంది. స్కార్ట్ తీగలో హెచ్‌డీ రాదు. కేబుల్ మార్చిన ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. గోల్ వెనకున్న వల మీద అల్లిక కనిపించింది, అంతకుముందు అది బూడిదరంగు పొర. ఆ తర్వాత ఫైనల్లో జిదాన్ తలతో గుద్దింది కూడా చూశాను, కానీ నాకు గుర్తున్నది ఆ వలే. గొలుసులో ఒక్క లంకె పాతదైతే మొత్తం పాతదే. ప్రొజెక్టర్ అద్దెలో సగం నాది.

తెర బాధ్యత, మార్చి 27

ధన్యవాదాలు అన్నయ్యా. మిగతా సగం నాది. సంఘం డబ్బు ముట్టుకోవద్దు.

ఖాతాల బావగారూ, నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పనివ్వండి. మా ఊరు ఆమదాలవలస దగ్గర. 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్ నాడు మా వీధిలో టీవీ ఒక్క మాస్టారి ఇంట్లోనే ఉండేది. వెదురు గెడకు కట్టిన యాంటెన్నాను పట్టుకుని నేను డాబా మీద నిలబడ్డాను. 'వచ్చిందా?' అని పైనుంచి నేను, 'ఇంకొంచెం నాగావళి వైపు తిప్పు' అని కిందనుంచి వాళ్లు. మన వికెట్లు టపటపా పడిపోవడం నేను చూడలేదు, కింద నిశ్శబ్దాన్ని బట్టి తెలుసుకున్నాను.

2000 సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. రాత్రి వార్తల్లో మాకు కనిపించింది ఒక నీలి మసకా, రెండు నల్లటి చక్రాలూ. ఆమె ముఖంలో శ్రమ ఎంతో మర్నాడు పత్రికలో ఫోటో చూశాకే తెలిసింది. నాన్నగారు ఆ ఫోటో కత్తిరించి బీరువా తలుపుకు అంటించారు, ఇప్పటికీ ఉంది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, 1983 ఫైనల్ రేడియోలో విన్న మనిషి. ఆయనా, ఆ రోజు హాలుకు వచ్చే మిగతా అమ్మానాన్నలూ ఒక్కసారైనా ఆటను ఉన్నది ఉన్నట్టు చూడాలి.

నిన్న ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక టీవీ దుకాణానికి వెళ్లాను. నలభై అంగుళాల హెచ్‌డీ టీవీలో మామూలు ఛానల్‌నే అడ్డంగా సాగదీసి పెట్టారు. ఆటగాళ్లందరూ లావుగా, బంతి కోడిగుడ్డులా ఉంది. హెచ్‌డీ ప్రసారం చూపించమంటే, గత అక్టోబర్‌లో కామన్వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్‌డీలో ఇచ్చినప్పుడు చూపించామని అన్నారు. ఆ బొమ్మే హెచ్‌డీ అనుకుని జనం ఆ టీవీని ఇంటికి తీసుకెళ్తున్నారు. నాకు బాధేసింది.

హాలు బాధ్యత, మార్చి 30, రాత్రి

29 పరుగులతో గెలిచాం! ఇక ఫైనల్ ముంబైలో శ్రీలంకతో. మాట్లాడుకోవడం అయిపోయింది, పనిలో పడదాం. హాలు ఏడింటి దాకా ఖాయం. కిటికీలు తూర్పు వైపు ఉన్నాయి, పదింటికి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. నల్లటి దుప్పట్లు ఉన్నవాళ్లు పట్టుకురండి, కనీసం ఆరు కావాలి.

తెర బాధ్యత, మార్చి 31, ఉదయం

నిన్న సెమీఫైనల్ సమయంలో హాలు అన్నయ్యా, నేనూ ఫోనులో ఒక పరీక్ష చేశాం. నేను ఇక్కడ రామమందిరం ముందు పెట్టిన దూరదర్శన్ దగ్గర ఉన్నాను, ఆయన క్లబ్బులో హెచ్‌డీ తెర ముందు. ఇక్కడ వికెట్ పడి వీధంతా లేచి అరిచాక, 'బౌలర్ ఇంకా పరుగెత్తుకుంటూ వస్తున్నాడు' అన్నారు ఆయన. ఉపగ్రహం దూరం వల్ల అయ్యే ఆలస్యం కొంచెమే, 36,000 కిలోమీటర్లు పైకి వెళ్లి కిందికి రావడానికి పావు సెకను. అసలు ఆలస్యం అంత పెద్ద బొమ్మను కుదించి పంపడంలోనూ, అక్కడ బాక్సు మళ్లీ విప్పడంలోనూ. హెచ్‌డీలో చుక్కలు ఇరవై లక్షల పైచిలుకు, పాతదానికి ఐదు రెట్లు. కాబట్టి ఒక నియమం: మ్యాచ్ జరిగినంతసేపూ ఊరి నుంచి వచ్చే ఫోనులు ఎత్తవద్దు. మా అమ్మకూ చెప్పేశాను. ఒక్కరి ఫోను మోగినా హాలంతటికీ ముందే తెలిసిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ధ్వని హాలు స్పీకర్లకు నేరుగా వెళ్తుంది, బొమ్మ ప్రొజెక్టర్‌లో కొంచెం ఆగుతుంది. సరిచేయకపోతే బ్యాటు చప్పుడు ముందు వినిపించి, బంతి తర్వాత తగులుతుంది. బాక్సు అమరికల్లో ధ్వనిని ఆలస్యం చేసే వీలుంది. శుక్రవారం సాయంత్రం ఒక గంట నాకు హాలు తాళం కావాలి. వచ్చేటప్పుడు ఎండబెట్టిన వేపపువ్వు, పలాస జీడిపప్పు నాన్నగారి పెట్టెలో ఉంటాయి. వదినా, మామిడికాయలు మాత్రం అక్కడే చూసుకోండి.

వంటల బాధ్యత, ఏప్రిల్ 1

మామిడికాయలు దొరికాయి. పిల్లలకు ఒంటిగంటా ఇరవైకల్లా గజ్జెలు కట్టి ఉంచుతాను. మాట గుర్తుంది కదా?

తెర బాధ్యత, ఏప్రిల్ 3, ఆదివారం

మాట నిలిచింది. పిల్లల కార్యక్రమం పది నిమిషాలు ఎక్కువైంది. తెర వెలిగించేసరికి సెహ్వాగ్ రెండో బంతికే వెళ్లిపోయాడు, మలింగ ఆనందం మాత్రమే చూశాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అందరికీ నమస్కారాలు.

నాన్నగారు ముందు వరుసలో కదలకుండా కూర్చున్నారు. గంభీర్ 97 దగ్గర అవుటయి నడిచి వెళ్తుంటే, 'ఆ అబ్బాయి చొక్కా నిండా మట్టేమిటిరా?' అని అడిగారు. పరుగు కోసం పడి దొర్లాడు నాన్నా అన్నాను. ఎర్రమట్టి ముద్ద ముద్దగా, పొడిబారి, మడతల్లో పగుళ్లతో సహా కనిపిస్తోంది. ధోనీ గెలుపు సిక్సర్‌కు హాలంతా గెంతుతుంటే ఆయన కూర్చునే ఉన్నారు, కళ్లు తుడుచుకున్నారు.

ఇక మిగిలిన పనులు. ప్రొజెక్టర్ రేపు పదింటికి తిరిగి ఇస్తాను. నల్లదుప్పట్లు ఐదు వాటివాటి ఇళ్లకు చేరాయి, ఆరోది నా కారులో ఉంది. 'సా' అని అక్షరం చెక్కిన పెద్ద ఇత్తడి గిన్నె ఎవరిదో చెప్పండి. హాలు అన్నయ్యా, వచ్చే ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఏయే రోజుల్లో ఉందో తెలిస్తే ఇక్కడ రాయండి. నాన్నగారు పొద్దున్నుంచి మూడుసార్లు అడిగారు.