అత్తవారింట ఉంటూ మావారి అమెరికా స్పాన్సర్‌షిప్ కాగితాలు పూర్తి చేయవచ్చా?

ప్రశ్న: కోనసీమ_కోడలు

నమస్కారమండీ. నేను పుట్టింది ముక్తేశ్వరంలోనే అయినా, పద్నాలుగో ఏట అమ్మానాన్నలతో న్యూజెర్సీ వెళ్లి, అక్కడే చదువుకుని, 2017లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. 2024 ఫిబ్రవరిలో అన్నవరం కొండ మీద మా పెళ్లి జరిగింది. మావారికి అంబాజీపేట దగ్గర మూడెకరాల కొబ్బరి తోట ఉంది; 1996 తుఫానులో చెట్లన్నీ పడిపోతే మామగారు మళ్లీ నాటించిన తోట అది. పెళ్లయిన ఆరు నెలలకే అత్తగారికి పక్షవాతం రావడంతో, నేను ఉద్యోగం మానేసి ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) మీద ఇక్కడికి వచ్చి ఉంటున్నాను. ఆవిడ ఇప్పుడు కర్ర ఊతంతో వసారాలో నాలుగడుగులు వేస్తున్నారు, ఇకపై తాను చూసుకుంటానని మా ఆడపడుచు ధైర్యం చెబుతోంది కాబట్టి, మావారికి స్పాన్సర్‌షిప్ మొదలుపెట్టాలని అనుకుంటున్నాము.

కాగితాలన్నీ ఇక్కడి నుంచే పూర్తి చేసి, వీసా వచ్చాక ఇద్దరం కలిసి బయలుదేరాలని మా ఉద్దేశం. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వారిని అడిగితే, నేను ముందుగా అమెరికాలో అడుగుపెట్టనిదే పిటిషన్ వేయకూడదని ఒకరూ, అదేమీ అక్కర్లేదు, డాలస్‌లోని మా పెదనాన్నగారు జాయింట్ స్పాన్సరుగా, అంటే తోడు హామీదారుగా, సంతకం పెడితే నా బాధ్యత తీరిపోయినట్లేనని అదే గదిలో కూర్చున్న మరొకరూ చెప్పారు. ఏది నమ్మాలో తెలియడం లేదు. నాకిప్పుడు సంపాదన లేదు కనుక మావారి తోటను ఆస్తిగా చూపవచ్చునా అన్నది మరో సందేహం.

ఇవి కాక, మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకే గడిలో పడింది. ఆయన లంకలో అమ్మమ్మగారింట్లో పుట్టడం వల్ల జనన ధ్రువపత్రం లేదు. 2012 నుంచి 2016 వరకు కువైట్‌లో పనిచేశారు. పెళ్లికి శుభలేఖ, ఫొటోలు, దేవస్థానం వారి రసీదు ఉన్నాయి గానీ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించలేదు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పాలకొల్లు_మాస్టారు

అమ్మా, మీకు చెప్పినవారిద్దరూ చెరి సగం తప్పు చెప్పారు. మా అమ్మాయి అమెరికా పౌరురాలు. అల్లుడికి వీసా వచ్చేవరకు రెండేళ్లు మా ఇంట్లోనే ఉండి కాగితాలన్నీ ఇక్కడి నుంచే నడిపింది. ఐ-130 (బంధువును స్పాన్సర్ చేసే ఫారం) పిటిషన్ వేయడానికి పౌరులు అమెరికా గడ్డ మీద ఉండాలన్న నిబంధన లేదు. ఆన్‌లైనులో వేస్తే 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన రుసుముల ప్రకారం 625 డాలర్లు, కాగితం మీద పంపితే 675. మా అమ్మాయి కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఆ ఆఖరి బటన్ నొక్కింది. పౌరుల భార్యాభర్తలకు వీసా సంఖ్యల కోసం వరుసలో నిలబడే పని లేదు. పిటిషన్ ఆమోదం పొందగానే ఫైలు నేషనల్ వీసా సెంటరుకు వెళుతుంది. అక్కడ వీసా దరఖాస్తుకు 325, పోషణ హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు కట్టి, డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు నింపి, పత్రాలు అప్‌లోడ్ చేస్తే ముంబై కాన్సులేటులో ఇంటర్వ్యూ ఇస్తారు. హైదరాబాదులో కాన్సులేటు ఉంది కదా అని చాలామంది పొరబడతారు గానీ, వలస వీసాల ఇంటర్వ్యూకు ముంబై వెళ్లవలసిందే.

అసలు చిక్కంతా ఐ-864 అనే ఆ పోషణ హామీ పత్రం దగ్గర ఉంది. దానిపై సంతకం పెట్టే స్పాన్సరుకు అమెరికాలో డొమిసైల్, అంటే స్థిరనివాసం ఉండాలి. మీ పెదనాన్నగారు పూడ్చగలిగేది మీ ఆదాయపు లోటును మాత్రమే. డొమిసైల్ లోటును ఆయన పూడ్చలేరు. ఆయన వేరే ఐ-864 ఇచ్చినా, పిటిషనరుగా మీరు మీ ఐ-864 ఇవ్వక తప్పదు, అందులో మీ డొమిసైల్ నిరూపించుకోకా తప్పదు. ఆ ఫారంలో మీ చిరునామా కింద ఏ దేశం మీ డొమిసైల్ అని అడిగే చిన్న గడి ఒకటి ఉంటుంది. ఉంటున్నది పాలకొల్లులో కదా అని మా అమ్మాయి అమాయకంగా అక్కడ ఇండియా అని టైపు చేసింది. ఫైలు వెనక్కి వచ్చింది, మూడు నెలలు పోయాయి.

మీరు విదేశంలో ఉన్నది తాత్కాలికంగానే అనీ, అమెరికాలోని మీ నివాసాన్ని వదులుకోలేదనీ చూపించడం ఒక దారి. వదులుకున్నట్లే కనిపిస్తుంటే, మీవారు అమెరికాలో ప్రవేశించే నాటికైనా తిరిగి స్థిరపడతారని కాగితాలతో నమ్మించడం రెండో దారి. మీరు అత్తగారి అనారోగ్యం కోసం వచ్చారు కనుక మొదటి దారి మీకు బాగా కుదురుతుంది. ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, న్యూజెర్సీలో మూసేయని బ్యాంకు ఖాతా, మీ పేరిట ఉత్తరాలు వచ్చే చిరునామా, చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, ఇప్పటినుంచే పెడుతున్న ఉద్యోగ దరఖాస్తులు, అక్కడ ఉండబోయే ఇంటివారి లేఖ, వీటన్నిటినీ జతచేసి ఎందుకు వచ్చారో, ఎప్పుడు తిరిగి వెళతారో ఒక పేజీలో సూటిగా రాయండి. ఏ ఒక్క కాగితంతోనూ పని జరగదు, నాలుగు కలిస్తేనే బలం. మీవారితో కలిసి ఒకే విమానంలో దిగవచ్చు గానీ, ఆయనను ముందు పంపి మీరు నిదానంగా వెళతానంటే ఒప్పుకోరు.

ఇక తోట సంగతి. 2025 లెక్కల ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి పేదరిక రేఖ 21,150 డాలర్లు, దానికి 125 శాతం అంటే 26,437 డాలర్ల ఆదాయం చూపాలి. ఆదాయం బదులు ఆస్తి చూపితే, పౌరుల భార్యాభర్తల విషయంలో లోటుకు మూడు రెట్లు కావాలి. మీకు ఆదాయం సున్నా అనుకుంటే 79,311 డాలర్లు, డాలరుకు 85 రూపాయల లెక్క వేసినా సుమారు 67 లక్షలు. భర్త ఆస్తిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అయితే పట్టాదారు పాసుపుస్తకం, 1-బి (భూమి హక్కుల నకలు), ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం) ఆయన ఒక్కడి పేరిట ఉండాలి. అన్నదమ్ముల మధ్య పంపకాలు కాని భూమి అయితే చూపి లాభం లేదు, సొసైటీలో బాకీ ఉంటే అది తీసివేయగా మిగిలినదే విలువ. పైగా ఏడాదిలోపు, కుటుంబం ఇబ్బంది పడకుండా, అమ్మి సొమ్ము చేసుకోగలిగిన ఆస్తి అయి ఉండాలి. అత్తగారి మందులకు ఆధారం ఆ తోటే అయితే అధికారి ఆ ప్రశ్న అడగకుండా ఉండడు. నా మట్టుకు నేనైతే తోటను వెనుక దన్నుగా మాత్రమే చూపి, ఆదాయానికి పెదనాన్నగారినే నమ్ముకుంటాను.

కానీ ఆయనకు ఒక మాట ముందే చెప్పండి. ఇది పెళ్లిలో చదివింపులు చదివించి వచ్చేయడం లాంటిది కాదు. మీవారు పౌరుడయ్యేవరకో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు ఆయన ఖాతాలో పడేవరకో ఆ సంతకం పెదనాన్నగారిని కట్టి ఉంచుతుంది. విడాకులైనా అది తెగదు.

జవాబు: గౌతమి_గట్టు

మాస్టారు గారు ముఖ్యమైనవన్నీ చెప్పారు కనుక నేను పేర్లు, ధ్రువపత్రాల జోలికే వెళతాను, ఎందుకంటే ఆ దెబ్బలు తిన్నవాడిని నేనే.

అక్కా, అన్నిటికన్నా ముందు బావగారి పాస్‌పోర్టు మార్పించండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా పడుతుంది, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది. తెలియని పేరు అని దాని అర్థం. నేను పట్టించుకోలేదు. గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ ఆ మూడక్షరాలు పాకాయి, బ్యాంకులో గుమస్తా నన్ను ఫ్నూ గారూ అని పిలిచేవాడు. పేరును రెండు గడుల్లోకి విడదీసి పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవడానికి అయ్యే శ్రమ, తరువాత పడే అవస్థ ముందు ఎంత! పిటిషన్ వేయకముందే చేయించుకుంటే అన్ని కాగితాల్లోనూ ఒకే పేరు నడుస్తుంది.

పెళ్లికి దేవస్థానం రసీదు చాలదు. హిందూ వివాహ చట్టం, 1955 కింద సబ్‌రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రం తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఆలస్యంగా జరిగినంత మాత్రాన తప్పు లేదు గానీ, ఐ-130లో పెళ్లి తేదీ అడిగినచోట తాళి కట్టిన తేదీ రాయాలి తప్ప రిజిస్టరైన తేదీ రాయకూడదు. రసీదు, శుభలేఖ వృథా కావు. అవి మీ బంధం నిజమైనదని చూపే సాక్ష్యాల్లోకి వెళతాయి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అది సరైనదని అనువాదకుని సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. నోటరీ ముద్ర అడగరు. మా నాన్నగారు నమ్మక శుభలేఖ అనువాదాన్ని కూడా స్టాంపు పేపరు మీద రాయించి తెచ్చారు, అది వేరే కథ.

జనన ధ్రువపత్రం లేకపోతే, జనన నమోదు లేదని తెలిపే పత్రాన్ని రిజిస్ట్రారు నుంచి తీసుకుని, దానితో పాటు పదో తరగతి సర్టిఫికెట్టు, పుట్టుక సంగతి ఎరిగిన పెద్దల అఫిడవిట్లు ఇవ్వవచ్చు. అత్తగారు సంతకం పెట్టగలిగితే ఆవిడ అఫిడవిట్టే అన్నిటికన్నా మేలు.

కువైట్ సంగతి మరచిపోవద్దు. పదహారేళ్లు దాటాక ఏడాది, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు ధ్రువపత్రం కావాలి. భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో నేను తీసుకున్న పోలీసు ధ్రువపత్రం (పీసీసీ) ఇండియాకే చెల్లింది, గల్ఫ్‌లో నేనున్న దేశం ఇవ్వవలసినది ఆ దేశమే ఇచ్చింది, దానికి నాలుగు నెలలు పట్టింది. కాబట్టి ఆమోదం వచ్చేదాకా ఆగకుండా ఆ దారి ఇప్పుడే కనుక్కోండి.

ఒక చిన్న ముచ్చట. ఐ-130లో లబ్ధిదారుని పేరు, చిరునామా ఆయన సొంత లిపిలో రాయమని అడుగుతారు. మా ఆవిడ మా ఇంటి నంబరు, రామాలయం వీధి, ఊరు, మండలం అన్నీ తెలుగులో టైపు చేసి ఫొటో తీసి నాకు పంపింది. అంత పెద్ద ఫారంలో నాకు చదవగానే అర్థమైనది అదొక్కటే.

కోనసీమ_కోడలు

మాస్టారు గారికి, తమ్ముడికి కృతజ్ఞతలు. డొమిసైల్ మాట ఎవరూ చెప్పకపోయి ఉంటే నేనూ ఆ గడిలో ఇండియా అనే రాసేదాన్ని. ఇంకొక్క సందేహం. 2024 ఆగస్టు వరకు న్యూజెర్సీలో జీతం తీసుకున్నాను గానీ, ఇక్కడికి వచ్చిన హడావుడిలో ఆ సంవత్సరపు పన్ను రిటర్ను వేయలేదు. ఇది అడ్డు వస్తుందా? బంధానికి సాక్ష్యంగా ఉంటుందని మావారి ఖాతాలో నా పేరు కూడా చేర్పించాను, కాయల సొమ్ము అందులోనే పడుతుంది.

జవాబు: భీమవరం_లెక్కలు

తప్పకుండా అడ్డు వస్తుందండీ. ఐ-864కు ఇటీవలి పన్ను సంవత్సరపు రిటర్ను వివరాలు జతచేయాలి, వేయవలసి ఉండీ వేయనివారు ముందు వేసి రావలసిందే. అమెరికా పౌరులు ఏ దేశంలో ఉన్నా అమెరికా పన్ను రిటర్ను వేయాలి. విదేశంలో ఉన్నవారికి గడువు దానంతట అదే జూన్ 15 వరకు పెరుగుతుంది, 2024కు సంబంధించి మీకు అదీ దాటిపోయింది. ఇక్కడ చాలామందికి తెలియనిది, వివాహితులు విడిగా రిటర్ను వేసే పద్ధతిలో స్థూల ఆదాయం 5 డాలర్లు దాటినా రిటర్ను వేయాలి. సంపాదన లేదు కదా అని ఈ ఏడాదిని కూడా వదిలేయకండి. న్యూజెర్సీ ఖాతాలో పడే వడ్డీ చాలు ఆ 5 డాలర్లు దాటడానికి. మీవారికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు కనుక, కాగితం మీద వేసేటప్పుడు ఆ గడిలో ఎన్ఆర్ఏ (అమెరికాలో నివాసం లేని విదేశీయుడు) అని రాస్తే సరిపోతుంది.

ఉమ్మడి ఖాతా సాక్ష్యంగా మంచిదే, కాని దానికి మరో ముఖం ఉంది. అమెరికా బయట మీ పేరున్న ఖాతాలన్నిటి మొత్తం సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ఎఫ్‌బార్ అనే వివరణ విడిగా ఇవ్వాలి. ఉమ్మడి ఖాతాలో సగం మీవారిదని తీసివేయడానికి లేదు, మొత్తం లెక్కకు వస్తుంది. కాయల సొమ్మంతా ఒకేసారి జమ అయితే ఎనిమిదిన్నర లక్షలు దాటడం మూడెకరాల తోటకు అసాధ్యమేమీ కాదు; పాసుపుస్తకం తీసి అత్యధిక నిల్వ ఏ రోజు ఉందో చూడండి. ఇది పన్ను కాదు, తెలియజేయడం మాత్రమే, కానీ మానేస్తే జరిమానా పెద్దది.

ఒక సంగతిలో మాత్రం మీకు కాలం కలిసి వస్తుంది. అమెరికాలో ప్రవేశించే రోజుకు పెళ్లై రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్‌కార్డే ఇస్తారు, అది ముగియడానికి ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి షరతులు తీయించుకోవాలి. మీ పెళ్లి 2024 ఫిబ్రవరిలో అయింది. ఇప్పుడు పిటిషన్ వేస్తే వీసా చేతికి వచ్చేసరికి రెండేళ్లు దాటిపోతాయి, నేరుగా పదేళ్ల కార్డు వస్తుంది. వీసా మీద సీఆర్-1 (షరతులతో కూడిన రకం) అని ఉన్నా, దిగే నాటికి రెండేళ్లు నిండి ఉంటే విమానాశ్రయంలోని అధికారికి పెళ్లి తేదీ చూపి ఐఆర్-1గా (షరతులు లేని రకంగా) నమోదు చేయమని అడగాలి.

ఇది చదువుతున్న గ్రీన్‌కార్డుదారులకు ఒక హెచ్చరిక. ఈవిడ పౌరురాలు కాబట్టి ఇక్కడ నిశ్చింతగా ఉండగలుగుతున్నారు. మీరు రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి ఇక్కడ ఉండిపోతే భార్యకో భర్తకో స్పాన్సర్ చేయడం అటుంచి మీ కార్డుకే ముప్పు, ఆ పర్మిటుకు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి.

కోనసీమ_కోడలు

చాలా సంతోషమండీ. పాసుపుస్తకం తీసి చూశాము, నిరుడు నవంబరులో మూడు రోజుల పాటు తొమ్మిది లక్షల పైన నిల్వ ఉంది. సోమవారం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికీ, అటునుంచి పాస్‌పోర్టు పనికీ వెళుతున్నాము. పెదనాన్నగారికి మాస్టారు గారి చివరి పేరా యథాతథంగా చదివి వినిపించాను. ఒక రోజు ఆలోచించుకుని చెబుతానన్నారు.