కారు ముందుభాగం పోయింది: షోరూమ్‌కా, ఆటోనగర్‌కా?

నందిగామ కుర్రాడు:
గురువారం రాత్రి హైదరాబాద్ నుంచి వస్తుంటే, చిల్లకల్లు దాటాక ముందు లారీ సడన్ బ్రేక్ వేసింది. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు. కుడివైపు బంపర్, హెడ్‌లైట్, ఫెండర్ (చక్రం పక్కనుండే బయటి రేకు), బానెట్ పోయాయి. నాలుగున్నరేళ్ల పెట్రోల్ బండి, 1200 సీసీ. ఇన్సూరెన్స్ ఉంది కానీ జీరో డెప్ (బండి పాతబడిందని క్లెయిమ్‌లో కోత పెట్టకుండా ఉండే యాడ్‌ఆన్) లేదు. షోరూమ్ వాళ్లు 1,38,000 ఎస్టిమేట్ ఇచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకు తెలిసిన టింకర్ 62,000కి చేస్తానంటున్నాడు. ఇంట్లో నాన్న ఒకవైపు, అన్నయ్య ఒకవైపు. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

పటమట వాసి:
షోరూమే. క్యాష్‌లెస్ ఉంటుంది, అంటే క్లెయిమ్ డబ్బు ఇన్సూరెన్స్ వాళ్లే నేరుగా షోరూమ్‌కి కడతారు, పెయింట్ బూత్ ఉంటుంది, రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి మనిషి ఉంటాడు.

టింకర్ కొడుకు:
మా నాన్న ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు టింకరింగ్ చేశారు. అరచేతికి పల్చటి నూలుగుడ్డ వేసుకుని రేకు మీద మెల్లగా రాసేవారు. కంటికి కనపడని సొట్ట ఆ చేతికి తెలిసేది. సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ) పెట్టి గంటల తరబడి కొట్టి, పుట్టీ పేరుకి మాత్రం పూసేవారు. మీ ఫెండర్ సరిచేసేదే అయితే మార్చాల్సిన పనేముంది? షోరూమ్‌లో మార్చేస్తారు, బిల్లు పెరుగుతుంది. ఆటోనగర్ అనగానే నాసిరకం అనేయకండి, బాధేస్తుంది.

కూకట్‌పల్లి ఉద్యోగి:
మీ నాన్నగారి లాంటి వాళ్లు దొరికితే అదృష్టమే అన్నా. నాకు దొరకలేదు. తెలిసినవాళ్లు చెప్పారని ఒక షెడ్డులో వెనక డోర్ చేయించా. ఏడాది తిరక్కుండానే పెయింట్ ఉబ్బింది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూస్తే ఆ చోట అంటుకోలేదు, జారిపోయింది. అంత పుట్టీ. పైగా జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు, దాంతో క్లెయిమ్ కూడా పోయింది.

క్లెయిమ్ పనులు చూసేవాణ్ణి:
తమ్ముడూ, రెండు ఎస్టిమేట్లూ పైకి కనపడే రేకులవే. నీ బండిలో అసలు ప్రశ్న లోపల ఉంది. బానెట్ ఎత్తి, కుడి చక్రం మీద గొడుగులా ఉండే రేకు చూడు. దాన్ని ఆప్రాన్ అంటారు. కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా, గుంటలు పడ్డట్టు కనిపిస్తాయి. ఆ చోట ముడత పడ్డా, సీలెంట్ చిట్లినా దెబ్బ చాసిస్ దాకా, అంటే బండి అస్థిపంజరం దాకా వెళ్లి ఉండొచ్చు. అప్పుడు బెంచ్ (బండిని బిగించి సరిచేసే ఇనప చట్రం) మీద పెట్టి కొలతలు తీసి లాగే చోటుకే పంపాలి. గ్యాస్ వెల్డింగ్ మంటతో వంచి అతికిస్తే ఇప్పటి గట్టి స్టీలు బలం పోతుంది. ఇంకోసారి గుద్దితే ఆ వైపు కాపాడదు. షోరూమ్ అయినా షెడ్ అయినా ఒకటే అడుగు: "కొలతల కాగితం చూపిస్తారా?"

ఇక డబ్బు. జీరో డెప్ లేదు కాబట్టి మార్చిన మెటల్ భాగాలకు 35 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం కోత పడుతుంది. గాజుకు కోత లేదు. పెయింట్‌లో మెటీరియల్ ఖర్చుకీ సగం కోస్తారు. ఆ పైన తప్పనిసరిగా నువ్వు పెట్టుకోవాల్సింది 1,000. అంటే 1,38,000 బిల్లులో నీ చేతి నుంచి మంచి మొత్తమే పోతుంది. గ్యారేజ్ ఎంచుకునే హక్కు నీదే. ఇన్సూరెన్స్ వాళ్ల నెట్‌వర్క్‌లో లేని చోట చేయిస్తే ముందు నువ్వు కట్టి తర్వాత రాబట్టుకోవాలి, అంతే. కానీ డ్యామేజ్ అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే సర్వేయర్ చూడకుండా ఒక్క నట్టు కూడా విప్పనివ్వకు. విప్పాక కొత్త డ్యామేజ్ బయటపడితే మళ్లీ పిలిచి చూపించాలి.

పటమట వాసి:
నో క్లెయిమ్ బోనస్ సంగతి మర్చిపోయారు. నాలుగేళ్లు క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో తగ్గింపు 45 శాతానికి వచ్చి ఉంటుంది. అది సున్నా అవుతుంది కదండీ?

క్లెయిమ్ పనులు చూసేవాణ్ణి:
అవుతుందండీ. బంపర్ గీతకైతే జేబులోంచే పెట్టుకోమనేవాణ్ణి. కానీ ఆ తగ్గింపు ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) ప్రీమియం మీద కాదు. ఇంత దెబ్బకి క్లెయిమే మేలు.

టింకర్ కొడుకు:
చాసిస్ మాట నిజమే, ఒప్పుకుంటాను. నాన్న కూడా ఆప్రాన్ వంగిన బండి వస్తే తను ముట్టుకోకుండా బెంచ్ ఉన్న చోటికి పంపేవారు. రేకు పని మాత్రం ఆటోనగర్‌లోనే చేయించమంటాను.

నందిగామ కుర్రాడు:
పొద్దున ఫోన్ లైటు వేసి చూశా. కుడి ఆప్రాన్ మీద రెండు ముడతలు, ఒకచోట పెయింట్ పెచ్చులుగా లేచింది. ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకి పెట్టా, సోమవారం సర్వేయర్ వస్తున్నాడు. షోరూమ్‌కీ, ఆటోనగర్‌లోనే బెంచ్ ఉండి జీఎస్టీ బిల్లిచ్చే ఇంకో గ్యారేజ్‌కీ ఫోన్ చేసి కొలతల కాగితం అడిగా. గ్యారేజ్ వాళ్లు పనికి ముందూ తర్వాతా రెండుసార్లు కొలతలు తీసి ఇస్తామన్నారు. షోరూమ్ నుంచి ఇంకా జవాబు లేదు. నాన్నకి మాత్రం మనసు ఆ టింకర్ మీదే ఉంది. సోమవారం నాన్ననీ వెంట తీసుకెళ్తున్నా, ఆ ముడతలు ఆయన కళ్లతోనే చూస్తారని.