అమ్మకి నడుం ఆపరేషన్: వెనక నుంచా, పక్క నుంచా?

రాయగడ_కుర్రోడు:
అమ్మకి 58 ఏళ్లు. రెండేళ్లుగా నడుం నొప్పి, ఈ సంక్రాంతి నుంచి కుడి కాలు కూడా లాగేస్తోంది, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లాలన్నా దారిలో రెండుసార్లు కూర్చోవాల్సి వస్తోంది. విశాఖ తీసుకెళ్లి ఎమ్మారై తీయిస్తే నడుంలో నాలుగో ఎముక ఎల్4, దాని కింది ఎల్5 మీద ముందుకి జారిందన్నారు, గ్రేడ్ 1, అంటే కొంచెమే. ఇద్దరు డాక్టర్లకి చూపించాం. రెండు ఎముకల్నీ కలిపేయాలని ఇద్దరూ అన్నారు గానీ ఒకాయన వెనక నుంచి టీలిఫ్ చేస్తానన్నాడు, ఇంకొకాయన పొట్ట పక్క నుంచి ఓలిఫ్ అన్నాడు. మా మేనమామేమో వెన్నులో కత్తి పెడితే మంచం పట్టేస్తుంది, వద్దంటే వద్దంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

గుణుపురం_సీను:
మా నాన్నకి మూడేళ్ల కిందట టీలిఫ్ చేశారు, ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుం ఆఖరి ఎముక త్రికాస్థిని కలిసే చోట. మర్నాడే లేపి నడిపిస్తే నేనే నమ్మలేదు. కాలు లాగడం వారంలో పోయింది. నడుం నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు, పొలంలో వంగి పనిచేస్తే ఇప్పటికీ సలుపుతుంది, అది ముందే ఎవరూ చెప్పలేదని మా బాధ. చుట్ట మానలేదని డాక్టరు చేత తిట్లు కూడా తిన్నాడు, పొగ తాగేవాళ్లకి ఎముక సరిగా అతుక్కోదట. మీ అమ్మగారికి అడ్డపొగ, అదే నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి.

బరంపురం_ఫిజియో:
తమ్ముడూ, ఈ ఆపరేషన్‌లో వేసే స్క్రూలూ రాడ్లూ ఎముకల్ని కలపవు. స్లాబు గట్టిపడే దాకా సెంట్రింగ్ ఉన్నట్టు అవి కదలకుండా పట్టుకుంటాయంతే, అతుక్కోవాల్సింది ఎముకే, దానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కాకపోతే సెంట్రింగ్‌లా వీటిని మామూలుగా విప్పరు.

టీలిఫ్‌లో వెనక నుంచి ఒక పక్కగా వెళ్లి కీలు కొంత తీసి, రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండే డిస్కు తీసేసి అక్కడ కేజ్, అంటే ఆసరాగా నిలిచే చిన్న దిమ్మ పెడతారు. నరాన్ని కళ్లతో చూసి వదులు చేస్తారు, అదే దాని బలం. వెనక కండ దెబ్బతినడం దాని ఇబ్బంది. ఓలిఫ్‌లో పెద్ద రక్తనాళాలకీ వెన్ను పక్కనుండే సోయాస్ కండకీ మధ్య సందులోంచి వెళ్తారు. వెనక కండ జోలికి పోకుండానే పెద్ద కేజ్ పడుతుంది, డిస్కు ఎత్తు పెరిగి నరానికి చోటు దొరుకుతుంది. కానీ నరం మీద ఎముకే పెరిగి గట్టిగా నొక్కుతుంటే ఆ ఎత్తు చాలదు, మళ్లీ వెనక నుంచి తెరవాల్సి రావచ్చు. స్క్రూలు కూడా చాలావరకు వెనక నుంచే వేస్తారు. కొందరికి తొడ ముందు భాగం కొన్ని వారాలు తిమ్మిరిగా ఉంటుంది. సీను గారి నాన్నగారిలా ఎల్5-ఎస్1 అయితే పక్క నుంచి వెళ్లడానికి తుంటి ఎముక అడ్డం, ఎక్కువగా వెనక నుంచో, పొట్ట ముందు నుంచో చేస్తారు. మీ అమ్మగారిది ఎల్4-ఎల్5 కాబట్టి రెండు దారులూ ఉన్నాయి, ఆ సర్జన్ చేయి దేనిమీద ఎక్కువ తిరిగిందో అడగండి.

అంతకన్నా ముందు, నిలబెట్టి ముందుకీ వెనక్కీ వంచి ఎక్స్‌రే తీశారా? ఎముక బలం చూసే డెక్సా స్కాన్ చేశారా? ఎముక గుల్లగా ఉంటే స్క్రూ పట్టు నిలవదు. ఈలోగా ఒంటికి పోసుకోవడంలో తేడా వచ్చినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం లేవకపోయినా రేపటి రైలు కోసం ఆగొద్దు, ఆ గంటే దగ్గర్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

జయపురం_మాస్టారు:
అసలు కలపాలా అని కూడా అడుగు బాబూ. 2016లో ఇలాంటి కేసుల మీద రెండు పరిశోధనలు ఒకే పత్రికలో వచ్చాయి. స్వీడన్ వాళ్లు నరాన్ని వదులు చేస్తే చాలు, కలిపినా అదనంగా లాభం కనబడలేదన్నారు. అమెరికా వాళ్లు కలిపినవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నారన్నారు. ఎముక కదులుతోందా లేదా అన్నదాని మీదే చాలా ఉంటుంది, అందుకే ఫిజియో గారు చెప్పిన ఎక్స్‌రే ముఖ్యం. మరొకటి, ఒడిశా వాళ్లకి ఆరోగ్యశ్రీ పనిచేయదు. 2025లో మన రాష్ట్రం ఆయుష్మాన్‌లో చేరింది కదా, ఆ కార్డు మీద ఈ ఆపరేషన్ చేస్తారో లేదో ఆసుపత్రి కౌంటర్‌లో ముందే కనుక్కో.

రాయగడ_కుర్రోడు:
డెక్సా ఎవరూ రాయలేదండి. ఎక్స్‌రే కూడా పడుకోబెట్టే తీశారు. సోమవారం రెండూ చేయిస్తాం. అమ్మకి అడ్డపొగ లేదు గానీ పొద్దున్నా రాత్రీ గుడాకు తోముతుంది, అదీ మానాలా?

బరంపురం_ఫిజియో:
అందులో ఉన్నదీ పొగాకే కదా. మానాలి. డబ్బా నువ్వే దాచెయ్.